గంజికి పట్టిన అపనింద

మన విద్యావంతులలో చిరకాలముగా వేరూనియున్న యొక అభిప్రాయము కలదు. పద్దెనిమిదవ శతాబ్దమున కృష్ణాతీరమునందు అతిసారమునకుగాని, గ్రహణికిగాని, వాంతిభేదులకుగాని చికిత్స యనదగినదేదియు లేదనియు, ఉన్నదెల్ల రోగిని పస్తు పరుండబెట్టి, దాహమని నాలుక చాచినను గుక్కెడు నీరీయక, గ్రామదేవతకు మ్రొక్కుకొనుటయే యనియు, ఈస్టిండియా కుంఫణీవారి ఓడలనుండి బందరు రేవున దిగిన దొరవైద్యులే మన కడుపులకు శాస్త్రమును పరిచయము చేసిరనియు వారు నమ్ముదురు. ఈ మాట సభలలో వినబడును, వ్యాసములలో కనబడును, ఇంటిలో అమ్మమ్మ వాముకషాయము కాచుచుండగా చదువుకొన్న మనుమని పెదవులపై చిరునవ్వుగా మెఱయును. పరీక్షింపక అంగీకరించిన మాటలకు ఆయుర్దాయ మెక్కువ. ఆ శతాబ్దమున ఇరుపక్షములవారును ఉదరరోగికి నిజముగా చెప్పిన దేమో, చేసిన దేమో ఒక్కసారి ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఈ నమ్మకము నిలువదు. పూర్వుల సలహా పస్తు కాదు. దొరల చికిత్స శాస్త్రము కాదు. కృష్ణా మండలపు ప్రజలను తుదకు బ్రదికించినది ఆ కాలపు శస్త్రవైద్యుల సంచులలోని వస్తువేదియు కాదు.

మొదట పస్తు సంగతి. 'లంఖణం పరమౌషధం' అను సామెత నెఱుగని ఆంధ్రుడు లేడు. ఆ సామెతయే పూర్వవైద్యమని భ్రమపడిన వారికిని లెక్కలేదు. కాని సామెత వైద్యగ్రంథము కాదు. ఆంధ్రదేశపు వైద్యుల చేతులలో తరతరములుగా మెలగిన బసవరాజీయము వంటి గ్రంథములకు ఆధారభూతమైన చరకసంహితను తీసికొని, అందలి అతిసార చికిత్సాధ్యాయమును విప్పి చూడుడు. అతిసారరోగులలో లంఘనము ప్రశస్తమని చెప్పబడినది దోషము స్వల్పముగా నున్నవారికి మాత్రమే. దోషము మధ్యమముగా నున్నవారికి జఠరాగ్నిని మేల్కొలుపు కషాయములు విధింపబడినవి. దోషము మిక్కుటమై, నొప్పితో కొద్దికొద్దిగా పోవుచున్నవారికి కరక్కాయతో దానిని వెడలించుట విధింపబడినది. ఆమదశలో, అనగా దోషము ఇంకను పక్వము కానప్పుడు, తొందరపడి విరేచనమును బంధించు మందీయరాదనియు, ఇచ్చినచో వాపు, పాండువు, గుల్మము, జ్వరము మొదలైన ఉపద్రవములు పుట్టుననియు హెచ్చరిక గలదు. నీటి మాటయో? దప్పిగొన్నవానికి తుంగముస్తలును పర్పాటకమును వేసి కాచిన నీటినిగాని, కురువేరును శొంఠియు వేసి కాచిన నీటినిగాని త్రాగింపుమని స్పష్టముగా నున్నది. సూక్ష్మక్రిమి యనునది యున్నదని యెవ్వరును ఎఱుగని కాలమున, రోగి నోటికి కాచిన నీటినే అందింపుమన్న వైద్యమును నీరు మాన్పించిన వైద్యమని నిందించుట ఎంతటి అన్యాయమో పాఠకులే నిర్ణయింపవలెను.

పథ్యమును గూర్చిన విధి ఇంకను సూక్ష్మమైనది. ఒక పాలు బియ్యమునకు 14 పాళ్ల నీరు పోసి కాచి, మెతుకు తగులకుండ వార్చినది మండము. 6 పాళ్ల నీటితో కాచినది యవాగువు. 4 పాళ్లతో చిక్కగా ఉడికించినది విలేపి. రోగికి ఆకలి మేల్కొనుకొలది గంజితేటనుండి జావకును, జావనుండి మెత్తని అన్నమునకును మెట్టు మెట్టుగా ఎక్కించుకొని పోవలెను. వాంతులు తెఱపి యీయనప్పుడు పేలాల జావ; రుచి చచ్చినప్పుడు దానిమ్మరసము; తేటలో చిటికెడు సైంధవలవణము, కొంచెము శొంఠిపొడి. మజ్జిగను సైతము వెన్న పూర్తిగా తీసినది, సగము తీసినది, తీయనిది యని మూడు విధములుగా విభజించి, రోగి బలమును, జఠరాగ్నిని బట్టి యీయవలెనని చరకుని యాజ్ఞ. కృష్ణాతీరపు వంటయింటిలో ఉట్టిమీది చల్లకుండయు, మూలనున్న తరవాణి కుండయు ఈ విధులకు సహజముగనే తోడుపడినవి. నీటి కొలత, ఉప్పు కొలత, వెన్న కొలత చెప్పి, ఏ పూట ఏది పెట్టవలెనో క్రమము నిర్ణయించిన వైద్యమును పస్తువైద్యమనుట చదువక పలికిన మాట.

ఇక దొరవైద్యుల సంగతి. డచ్చివారు 1605 లోను, ఆంగ్లేయులు 1611 లోను బందరున వర్తకస్థానములను నెలకొల్పిరి. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరు కోటను గైకొనెను. 1766 లో నిజాముతో సంధి జరిగి ఉత్తర సర్కారులు కుంఫణీ వశమయ్యెను. ఈ దీర్ఘకాలమునందు కుంఫణీ శస్త్రవైద్యుడు జీతము పుచ్చుకొన్నది ఎవరి నాడి చూచుటకు? కోటలోని దొరలకును, సిపాయిలకును, రేవులోని నావికులకును వైద్యము చేయుటకు. గుడివాడ మాగాణి రైతును, దివిసీమ జాలరిని, బెజవాడ రేవున పడవ నడపువానిని అతడు కన్నెత్తి చూడవలసిన పని లేదు. చెన్నపట్టణమున వైద్యపాఠశాల వెలసినది 1835 లో. వైద్యురాలు అన్నా కుగ్లరు గుంటూరునకు వచ్చినది 1883 లో, ఆమె ఆసుపత్రి తెఱవబడినది 1898 లో. పందొమ్మిదవ శతాబ్దాంతమున పల్లెకు చేరనారంభించిన ఉపకారమును పద్దెనిమిదవ శతాబ్దపు ఖాతాలో జమకట్టుట చరిత్ర యనిపించుకొనదు.

పల్లెవానిని ఆ వైద్యుడు చూడకపోవుటయే మేలయినదేమో యని కూడ అనిపించును. ఏలయన, తన వారికి అతడు చేసిన చికిత్స ఎట్టిదో వారి గ్రంథములే చెప్పుచున్నవి. వాత పిత్త కఫములను చూచి నవ్వువారు, ఆ కాలపు ఐరోపీయ వైద్యము రక్తము, శ్లేష్మము, పీతపిత్తము, కృష్ణపిత్తము అను నాలుగు ధాతువుల ప్రాచీన సిద్ధాంతపు నీడనుండి ఇంకను పూర్తిగా వెలుపలికి రాలేదని మఱతురు. దోషము రక్తమున నున్నదన్న ఊహతో కత్తితో నరము కోసి పళ్లెములోనికి రక్తము తీయుదురు. పిమ్మట కాలొమెల్ అను పాదరస లవణము. చెన్నపట్టణపు సర్కారు వైద్యుడు జేమ్సు ఆన్‌స్లీ 1825 నాటి గ్రంథమున సైతము విషూచికి, అనగా కలరాకు, రక్తమోక్షణమును, 20 గ్రెయినుల మోతాదున, అనగా సుమారు 1.3 గ్రాముల కాలొమెల్‌ను విధించినాడన్నచో, అంతకుముందు తరముల అలవాటు ఎట్టిదో ఊహింపవచ్చును. చిగుళ్లు వాచి, పండ్లు కదలి, నోటినుండి లాలాజలము ధారగా కారుచుండగా, మందు పట్టినదనుటకు దానినే గుర్తుగా నెంచిరి. విషూచి రోగి ఒడలిలోని నీరంతయు వెడలి, నెత్తురు చిక్కబడి, నాడి అందని స్థితిలో నుండును. అట్టివాని రక్తమును తీయుట ఎండిన బావికి మోట కట్టుట. పదునేడవ శతాబ్దమున గోవా ప్రాంతమున నున్న ఫ్రెంచి వైద్యుడు డెల్లాన్, వాంతిభేదుల రోగికి కాల్చిన ఇనుపకమ్మితో మడమపై వాత వేయుటను మెచ్చుకొని వ్రాసెను. మన పల్లెలలో పసిపిల్లల పొట్టపై వాతలు వేసిన మంత్రసానిని అనాగరికురా లందుము. పుస్తకమెక్కిన వాత శాస్త్రమగునా?

ఐరోపావారి సలహాలో మంచి లేదా? కలదు, అది ఎక్కడ నున్నదో చూచినచో నా వాదము మఱింత బలపడును. పదునేడవ శతాబ్దపు ఆంగ్లవైద్య శిరోమణి సిడెన్‌హాం వాంతిభేదులకు ఒక కోడిపిల్లను విస్తారమైన నీటిలో ఉడికించి, ఆ పలుచని నీటిని కడవలకొలది త్రాగింపుమనెను. విలియం బుకన్ అను స్కాట్లాండు వైద్యుడు 1769 లో సామాన్య గృహస్థులకై ప్రకటించిన గృహవైద్య గ్రంథమున అదే రోగమునకు పాలవిరుగుడు తేట, మజ్జిగ, గోరువెచ్చని నీరు, పలుచని జావ ధారాళముగా త్రాగవలెనని వ్రాసెను. బుకన్ కృష్ణాతీరమున అడుగిడినవాడు కాడు. మన వైద్యులు ఎడింబరో పేరు విన్నవారు కారు. అయినను మజ్జిగయు జావయు ఉభయుల నోటను ఒకే మందుగా వచ్చినవి. మంచముప్రక్క కూర్చుండి రోగిని రేయింబవళ్లు కనిపెట్టిన అనుభవము ఇరుచోట్లను ఒకే నిర్ణయమునకు వచ్చెను. సిద్ధాంతము తలకెక్కిన చోటనే కత్తియు పాదరసమును ప్రవేశించినవి. కాబట్టి పద్దెనిమిదవ శతాబ్దపు వైద్యమును తూర్పు పడమరలుగా చీల్చి, తూర్పునకు చీకటిని, పడమరకు వెలుగును పంచిపెట్టుట పొసగదు. ఇరువురకును మేలుచేసినది వంటయిల్లే.

మందుల మాట వచ్చినప్పుడు ప్రతిపక్షులు ఇపికాకువానా వేరును చూపుదురు. రక్తగ్రహణికి అది మంచి మందే. అందలి ఎమెటీన్ అను సారమును 1817 లో ఫ్రాన్సు దేశమున వేఱుచేసిరి. కాని ఆ వేరు పారిస్ నగరమున మొలవలేదు. బ్రెజిలు అడవులలోని ఆదివాసులనుండి నేర్చిన వైద్యమది. హెల్వీషియస్ అను వైద్యుడు దానిని రహస్యౌషధముగా నడిపి, పదునేడవ శతాబ్దాంతమున పదునాలుగవ లూయీ ప్రభుత్వమునకు విక్రయించెను. అడవిబిడ్డ చేతిలో మూలిక, దొర చేతిలో శాస్త్రమగుట ఎట్లో చెప్పువారు లేరు. మన కొడిసెపట్ట చరిత్రయు అట్టిదే. కుటజమని సంస్కృతమున వ్యవహరింపబడు ఈ చెట్టు బెరడు రక్తగ్రహణికి వాడబడుచుండగా చూచి, పద్దెనిమిదవ శతాబ్దమున ఐరోపా మందులంగళ్లవారు దానిని తెప్పించుకొనిరి. వర్తకులు దానిలో అంకుడుచెట్టు బెరడు కలిపిరి. ఏటికొప్పాక బొమ్మలు చేయుటకు పనికివచ్చు ఆ అంకుడు రక్తగ్రహణికి పనికిరాలేదు. మందు గుణమీయదని అపఖ్యాతి పాలై అది అంగళ్లనుండి తొలగెను. 1858 లో బొంబాయిలో హెయిన్స్ అనునతడు కొడిసె బెరడునుండి కొనెస్సీన్ అను క్షారమును వేఱుచేయువఱకు, తప్పు కల్తీదిగాని చెట్టుది కాదని వారికి తెలియలేదు.

కుంఫణీ వైద్యులలో కన్నులు తెఱచి చూచినవారు లేకపోలేదు. విలియం రాక్స్‌బర్గు 1776 లో చెన్నపట్టణపు వైద్యశాఖలో ప్రవేశించి, 1781 నుండి 1793 వఱకు సామర్లకోటలో నుండి, ఈ తీరపు చెట్లకు తెలుగు పేర్లు విచారించి వ్రాసికొని, వానిని తెలుగు దేశపు చిత్రకారులచేత వ్రాయించెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన ఆతని 300 చిత్రపటముల గ్రంథము 1795 నుండి వెలువడసాగెను. రాక్స్‌బర్గు మనకు నేర్పుటకు వచ్చినవాడు కాడు, మననుండి నేర్చికొన్నవాడు. అతనిని గౌరవింతము. కాని ఆ గౌరవమును అడ్డుపెట్టుకొని, అతనికి మొక్క పేరు, ఉపయోగము చెప్పిన పేరులేని వైద్యుని మూఢుడనుట కృతఘ్నత.

వారికి రోగకారణము తెలియును, మనవారికి తెలియదు అను వాదమొకటి మిగిలియున్నది. 1781 మార్చిలో కర్నల్ పియర్సు సైన్యము హైదరాలీపై యుద్ధమునకై వంగదేశమునుండి ఉత్తర సర్కారుల గుండ చెన్నపట్టణమునకు నడచుచు గంజాంకడ విడిసినప్పుడు వాంతిభేదులు విరుచుకొనిపడి, ఒక్కదినమున ఐదువందలమందికి పైగా సైనికులు ఆసుపత్రి పాలైరి. సైన్యముతో కుంఫణీ వైద్యులున్నారు, మందుల పెట్టెలున్నవి, అయినను కారణము చెప్పగలవా డొక్కడును లేడు. ఎండ యనిరి, గాలి యనిరి, పిత్తోద్రేకమనిరి. కారణము నీటిలో నున్నదని లండను నగరమున జాన్ స్నో చూపినది 1854 లో. ఆ క్రిమిని రాబర్టు కాక్ కలకత్తాలో నిర్ధారించినది 1884 లో. నూఱేండ్ల తరువాత పుట్టిన జ్ఞానమును నూఱేండ్ల ముందటివారికి కిరీటముగా పెట్టి, మన వారిని బోసితలతో నిలబెట్టుట న్యాయము కాదు. ఆ దినమున ఇరువురును బోసితలవారే.

ఇంకొక విశేషము. 1832 లో స్కాట్లాండులోని లీత్ పట్టణమున థామస్ లాటా అను వైద్యుడు విషూచి రోగుల నరములలోనికి ఉప్పునీరెక్కించి, మృత్యుముఖమున నున్నవారిని కొందఱిని లేపి కూర్చుండబెట్టెను. తక్కిన వైద్యలోకము ఆ సంగతిని దశాబ్దములపాటు మఱచి, కత్తినీ కాలొమెల్‌నూ పట్టుకొని వ్రేలాడెను. ఆ పిమ్మట 1971 లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున, బనగాఁవ్‌లో, డాక్టరు దిలీప్ మహలనబిస్ సెలైను సీసాలు చాలక, ఉప్పును గ్లూకోజును నీటిలో కలిపి బంధువులచేతనే గ్లాసులతో త్రాగించెను. నూటికి సుమారు 30 గా నున్న మరణములు 4 లోపునకు దిగినవి. గ్లూకోజు తోడున్నచో రోగపీడితమైన ప్రేగు సైతము ఉప్పును, దానితో నీటిని పీల్చుకొనును; అదే ఇందలి కిటుకు. బియ్యపు పిండి ప్రేగులో గ్లూకోజుగానే మారును. కావుననే బియ్యముతో చేసిన ద్రావణము కలరాలో విరేచన పరిమాణమును తగ్గించునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఉప్పు వేసిన గంజి ఏల మేలుచేసెనో పూర్వులకు తెలియదు. మేలుచేయునని మాత్రము తెలియును. ఏల యనునది తెలిసిన మనము, తెలియక మేలుచేసినవారిని వెక్కిరింపవచ్చునా?

ఇంతవఱకు చదివి, 'అంతయు మన గ్రంథములలోనే యున్నది' అని చంకలు గుద్దుకొనువారికి కూడ ఒక మాట. నా వాదము మీకు కొమ్ము కాయుటకు కాదు. మన గ్రంథములలోను పాదరసపు మాత్రలున్నవి. నల్లమందు కలిసిన యోగములున్నవి. అవి చంపినవారి లెక్క ఎవరును వ్రాయలేదు. పసిబిడ్డలకు వాతలు వేసిన పాపము మనది. అన్నిటికంటె మించి, రోగికి కాచిన నీరిమ్మన్న వైద్యము, రోగము లేనివాడు త్రాగు చెఱువును కాపాడు ఉపాయము చెప్పలేకపోయెను. కృష్ణా మండలమునకు అసలు శత్రువు నీరే. బందరు దిక్కున బావి త్రవ్విన ఉప్పునీరు. వేసవిలో అడుగంటిన చెఱువున మనిషి, గొడ్డు, చాకిరేవు ఒక్కచోటనే. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱినవి, 1957 లో దాని స్థానమున ప్రకాశం బరాజు వెలసినది, పొలములు తడిసినవి, కాని కాలువకట్టుకు ముందు చెఱువు నింపుకొని వేసవియంతయు ఆ నీటినే త్రాగు గ్రామములు నేటికిని కలవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగరు మునిగినప్పుడు ఇంటింటను మొదటి కేక త్రాగునీటికే. ఉదరరోగమును తరిమినది వడగట్టిన నీరు, మూతపెట్టిన మరుగు, టీకా, ఉప్పుపంచదార. ఇవన్నియు తరువాతి కాలపు సంపాదనలు. వీనిపై పద్దెనిమిదవ శతాబ్దపు తూర్పునకును హక్కు లేదు, పడమరకును లేదు.

రెండు వైద్యములను కన్నవాడు ఎట్లు ప్రవర్తించునో భీమవరమున 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితము చెప్పుచున్నది. ఆయన సోదరు లిరువురు కొలది దినముల వ్యవధిలో సంగ్రహణికి బలియైరి. అదే రోగము తన్ను పట్టగా, పాశ్చాత్యవైద్య పట్టభద్రుడై కూడ ఆయుర్వేదమును వరించిన ఆచంట లక్ష్మీపతి చికిత్స వలన కోలుకొనెను; పిమ్మట చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించెను. అమెరికాకు పోయి, లెడర్లె పరిశోధనశాలలో ఆయన నడిపిన బృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. సంగ్రహణి రోగుల రక్తక్షీణతకు అది దివ్యౌషధమయ్యెను. తనను బ్రదికించిన వైద్యమును నిందింపకయే ఆయన దానికి అందనిదానిని సాధించెను. విజయవాడలో నోరి రామశాస్త్రి పేరిట వెలసిన ఆయుర్వేద కళాశాల విద్యార్థులును, సిద్ధార్థ వైద్య కళాశాల విద్యార్థులును ఈ నడవడిని సమానముగా అలవరచుకొనవలసియున్నది.

ఈ వివాదము గతించినవారి గౌరవమునకు మాత్రమే సంబంధించినదైనచో నేనింత శ్రమపడకపోదును. పూర్వవైద్యమనగా పస్తు అను అపోహ నేటికిని ప్రాణములు తీయుచున్నది. బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవనగానే 'నీళ్లు పట్టకండి, ఇంకా ఎక్కువౌతాయి' అను పెద్దరికము ఇంకను చావలేదు. ఆ మాట శాస్త్రసమ్మతమని కొందఱు, సంప్రదాయసిద్ధమని కొందఱు నమ్ముచున్నారు. అది శాస్త్రమును కాదు, సంప్రదాయమును కాదు. అమ్మలారా, అయ్యలారా! కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆఱు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, విరేచనమైనప్పుడెల్ల కొద్దికొద్దిగా త్రాగింపుడు. ఓఆర్ఎస్ పొట్లము దొరికినచో మఱింత మేలు. ఉప్పు వేసిన గంజి నీయుడు, మజ్జిగ తేట నీయుడు, చంటిబిడ్డకు తల్లిపాలు మాన్పకుడు. మలమున నెత్తురు కనబడినను, కన్నులు లోతుకు పోయినను, బిడ్డ మగతగా పడియున్నను, మూత్రము ఆగినను క్షణము జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపొండు. పస్తు మాత్రము పెట్టకుడు. నీరు మాన్పించి పస్తు పెట్టుమను సలహా ఏ కాలపు మంచి వైద్యుడును ఈయలేదు.